పేరు రాయని చీటీ

లింగంపల్లిలో నేను కిరాయికున్న ఇంటి కింది వాటాలో మరియమ్మ, ఆమె కూతురు జాయ్స్ ఉంటారు. ఆసుపత్రుల కాగితాలు చదివి ఒక్కో జబ్బుకు ఒక్కో కోడు వేసే మెడికల్ కోడింగ్ పని జాయ్స్ తొమ్మిదేళ్లు చేసింది. తల్లి మోకాలు పట్టుకుని మూలిగితే ఆమెకు ముందు మోకాలి అరుగుదలకు వేసే ఎం పదిహేడు అన్న కోడే తోచేది. ఆ పని ఇప్పుడు యంత్రం చేస్తుందట. ఒక శుక్రవారం పావుగంట వీడియో కాల్‌లో ఆ సంగతి చెప్పి పంపేశారు. కంపెనీ లాప్‌టాప్ పట్టుకుపోవడానికి మనిషి వస్తే, రిపేరుకని తల్లికి చెప్పింది.

నిజం చెప్పలేకపోయింది. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు మరియమ్మ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నలుగురి ముందు దేవుడికి స్తోత్రం చెప్పిన వరం పోయిందంటే తల్లి తలెత్తుకోలేదని జాయ్స్ భయం.

సోమవారం ఎప్పటిలాగే, ఇంటి నుంచి పని చేస్తున్నట్టు గది తలుపు వేసుకుని తన పాత లాప్‌టాప్ ముందు కూర్చుంది. మూడు వారాలు అంతే. ఏడుపు రాలేదు. ఆకలి మాత్రం వేళకు అయ్యేది. ఓడలు రావడం మానేసిన ఒక రేవులో దీపస్తంభం కాపలాదారు రోజూ మెట్లెక్కి దిగడం నేను చూశాను. ఆయనకైనా గాలి తగిలేది. ఇక్కడ మరియమ్మ కిటికీ కూడా మూయించి, "జర మెల్లగ నడువుండ్రి సారూ, మా బిడ్డ కాల్‌ల ఉన్నది" అని నా చెప్పులకు సైతం ఆంక్ష పెట్టింది.

దేవుడితో నాకు పెద్ద పరిచయం లేదు. పాటల కోసం అన్ని మతాల గుమ్మాలూ తొక్కుతాను. మూడో వారం ఆదివారం వాళ్ల చర్చిలో వెనక వరసలో ఉన్నాను. అక్కడ ప్రార్థన కోరేవాళ్లు చీటీ రాసి పెట్టెలో వేస్తారు. పాస్టరు గారు పైకి చదువుతారు, మనసు కదిలినవాళ్లు లేచి ప్రార్థిస్తారు. ఒక చీటీలో పేరు లేదు: కోడింగ్ ఉద్యోగం పోయిన ఒక సోదరి కోసం.

లేచింది మరియమ్మే. "ఆ బిడ్డ ఎవలో నాకెరుక లేదు ప్రభువా! ఆమెకు తల్లుంటె ఆ తల్లికి ధైర్యమియ్యి!"

మదీనాగూడ ఆసుపత్రిలో బీమా విభాగం చూసే అబ్రహాం, "ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపండి, మనిషి కావాలి" అన్నాడు.

మరియమ్మ కూర్చుని కూతురి మోచెయ్యి పొడిచింది. "ఎవలో కనుక్కోవే. నీ ఆఫీసుల గూడ అడుగుదువు."

"నేనేనమ్మా."

మరియమ్మ కూతురి వైపు తిరిగింది. "మరి పొద్దంత ఆ గదిల ఏంజేస్తున్నవే?"

"ఏం లేదు. కూసుంటున్న."

"నీ కాల్‌కు అడ్డమని మూడు వారాల సంది కుక్కర్ పెడ్తలేను గదనే! పప్పు ఉడకక సస్తున్న!"

ముందు వరసలోవాళ్లు తిరిగి చూశారు. మరియమ్మ వాళ్లను పట్టించుకోలేదు. కూతురి రెక్క పట్టుకుని నేరుగా అబ్రహాం దగ్గరికి నడిపించింది. "నా బిడ్డే. పేరు రాయ సిగ్గుపడ్డది."

"కుర్చీలో కూర్చునే పని కాదమ్మా. కౌంటర్ దగ్గర నిలబడాలి. రోగుల తాలూకు వాళ్లు తిడతారు కూడా. రేపు ఎనిమిదికి రాగలవా?"

"వస్తనండి" అంది జాయ్స్.

సంతోషం కలిగిందా అని తర్వాత జాయ్స్‌ను అడిగాను. తెలియదంది. అబ్రహాం చొక్కా జేబు మీది సిరా మరక మాత్రం గుర్తుందట.