చిన్న గదికి పెద్ద స్పీకర్లు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. పెద్ద నేరం కాదు. పోలీసులు పట్టుకెళ్లేది అసలే కాదు. ఒక చిన్న అబద్ధం, అంతే. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక.

తొంభైల్లో పటాన్‌చెరులో టేప్‌రికార్డర్లూ స్పీకర్లూ అమ్మే షాపులో పనిచేసేవాడిని. మాటకారిని. ఎవరికి ఏ సెట్టు నప్పుతుందో చూడగానే చెప్పగలనని పొగరు కూడా ఉండేది. ఆ పొగరుతోనే నడుమెత్తు స్పీకర్ల జత ఒకటి షాపు ఓనరు సేటుతో పట్టుబట్టి తెప్పించాను. అవి పెద్ద హాళ్లకు తగినవి. మా దగ్గరికి వచ్చేదేమో కిరాయి గదుల్లో ఉండే ఫ్యాక్టరీవాళ్లు. ఎవరూ కొనలేదు. నేను వాటి మీద దుమ్ము తుడిచినప్పుడల్లా సేటు నవ్వేవాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది.

అప్పుడొచ్చాడు నర్సింలన్న. పక్కనే చిట్కుల్‌లో ఉండేవాడు, ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్సు మిషన్ దగ్గర, చెవులు దద్దరిల్లే మోతలో పని. వాళ్ల శనివారం భజనలో ముందుపాట ఆయనదే. పాట నేర్పిన గురువు పోయాడట, ఆయన పాడిన క్యాసెట్ ఒక్కటి మిగిలింది. అది వింటూ ఆ పాటలను ఉన్నదున్నట్టుగా పట్టుకోవాలని నర్సింలన్న కోరిక. క్యాసెట్ వెంట తెచ్చాడు. మంచి పద్ధతే. స్పీకర్లు కొనేవాళ్లు తమకు బాగా తెలిసిన గొంతుతోనే విని చూడాలి. ముందు చిన్న జత మీద వేశాను. కళ్లు మూసుకుని విన్నాడు. చరణం ఎత్తుకునే ముందు గురువు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా తెలుస్తోందని మురిసిపోయాడు. నాకది తెలియలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వింటే, నిజమే, ఉంది.

ఆయన గదికీ, ఆయన వినే పాటకూ అవే సరైనవి. నాకు తెలుసు. అయినా పెద్ద జతకు మార్చాను. మార్చేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టి వాల్యూమ్ కొంచెం పెంచాను. ఏది గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది ఎవరికైనా. మా షాపుల్లో ఇది అందరూ చేసేదే. ఆయన పెద్దవే తీసుకున్నాడు. సేటు ఆ రోజు నవ్వలేదు.

అక్కడితో ఆగి ఉంటే వ్యాపారమని సర్దిచెప్పుకునేవాడినేమో.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, పాట ముద్దముద్దగా వస్తోంది, ఒకసారి ఇంటికొచ్చి చూడమన్నాడు. వెళ్లాను. ఒకటే గది. పైన రేకులు, కింద నున్నటి గచ్చు, మంచం పోగా మిగిలిన రెండు మూలల్లో ఇరికించిన స్పీకర్లు. మూలన పెడితే బేస్ మోత ఇంకా లావవుతుంది. డోలక్ దెబ్బలు గదంతా నిండిపోయి గురువు గొంతు వాటి కిందెక్కడో నలుగుతోంది. వినగానే అర్థమైంది. ఇవి వెనక్కి తీసుకుని చిన్నవి ఇస్తే సరిపోతుంది. కానీ ఆ డబ్బాలు మోసుకుని సేటు ముందు నిలబడాలి కదా.

నర్సింలన్న క్యాసెట్ ఆపాడు. "దుకాణంల మంచిగ ఇనవడ్డది గద తమ్మీ. ఇంట్ల గిట్లెందుకైతున్నది? ఖరాబు డబ్బలల్ల ఉన్నదా, నా చెవులల్ల ఉన్నదా?"

"డబ్బలు మంచిగనే ఉన్నయన్నా," అన్నాను. "ఇన్నేండ్ల సంది ప్రెస్సు కాడ పని చేస్తున్నవు. చెవులు గట్లనే ఉంటయా?"

ఆయన వాదించలేదు. "గట్లనా. అయితే కంపెనీల ఎవ్వరికి చెప్పకు తమ్మీ. తెలిస్తే పనిలకెల్లి తీసేస్తరు," అన్నాడు. భార్యతో నాకు చాయ్ పెట్టించాడు. తాగి వచ్చాను.

ఆ భయమే నా అబద్ధాన్ని కాపాడింది. ఫ్యాక్టరీలో చెవుల పరీక్ష ఉందంటే ఆయన సెలవు పెట్టేవాడని తర్వాతెప్పుడో షాపుకొచ్చినప్పుడు ఆయన భార్య చెప్పింది. శ్రుతి వినపడని మనిషి ముందుంటే అందరి పాటా చెడుతుందని భజనలో వెనక కూర్చుని తాళాలు వేస్తున్నాడట. ఇంకొన్నాళ్లకు వెళ్లడమే మానేశాడని విన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చిట్కుల్ ఎంత దూరం? ఏమో, నిజంగానే చెవులు దెబ్బతిన్నాయేమో, నేను చెప్పింది అబద్ధం కాదేమో అని నన్ను నేను సముదాయించుకునేవాడిని, కానీ ఊపిరి చప్పుడు పట్టిన మనిషి గురించి ఆ మాట ఎంతసేపని నమ్మగలను?

నర్సింలన్న పోయాక దినాలకు వెళ్లాను. భజనవాళ్లంతా వచ్చారు. చెవులు పోకపోతే ఇంకెంత పాడేవాడో అని బాధపడుతున్నారు. ఆయన భార్య నన్ను వాళ్లకు చూపించి, ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది ఈ తమ్ముడేనని చెప్పింది. అభిమానంగానే చెప్పింది. నేను తలూపాను.

ఆమెకు నిజం చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఆమెను ఇంకా ఏడిపించడం ఎందుకని అనుకుంటాను. అది జాలా? కాదు, పిరికితనమే. క్షమించమని అడగడానికి ఆయన లేడు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. ఒక్క ముక్క తిన్నగా రాసేస్తే కాస్త గుండె బరువు దిగుతుందని రాస్తున్నాను. నర్సింలన్న చెవులకు ఏమీ కాలేదు. నాకు ఆ రోజే తెలుసు.