రూము సామాను

ఆ సార్ మీద నాకింకా కోపం పోలేదు. పోవాలని కూడా లేదు.

2022 చలికాలం. అంతకు ముందు, దుబాయ్ వచ్చిన కొత్తలో, నాలుగేళ్ళు గోదాములో బస్తాలు మోశాను. ఐదుసార్లు తప్పి ఆరోసారి లైసెన్స్ తెచ్చుకున్నాను. ముదీర్ అని పిలిచే మా బాస్‌కు గోదాముతో పాటు టూరిస్టులను తిప్పే కార్లు కూడా ఉన్నాయి. కారు తాళం నా చేతిలో పెడుతూ, "ఏక్ కంప్లైంట్ ఆయా తో ఖలాస్, వాపస్ గోదామ్" అన్నాడు. నేను స్టీరింగ్ పట్టుకుని దిగిన ఫోటోను ఊళ్ళో నా భార్య డీపీగా పెట్టుకుంది.

సార్ బెజవాడ నుంచి భార్యతో వచ్చాడు. ఈ ఎడారిలో రోమన్ల కాలపు వస్తువులు దొరికాయని ఎక్కడో చదివాడట. ఆ చోట్లన్నీ ఒక్కరోజులో తిప్పమన్నాడు. తెలుగువాళ్ళని సంబరపడి "మీదేవూరు సార్" అన్నందుకు "రోడ్డు చూసి నడుపు" అన్నాడు. అక్కడే మొదలైంది. ఏసీ ఎక్కువన్నాడు, తగ్గిస్తే ఉక్కపోతన్నాడు, సీటు వాసనన్నాడు.

మొదట మ్లీహా. ఆ వైపు దారి నాకిష్టం. ఎర్ర ఇసుక, అక్కడక్కడ గాఫ్ చెట్లు, వాటి నీడన ఒంటెలు, వెనక నల్లటి కొండలు. మేడమ్ కిటికీ అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఆయన తల ఫోన్లోంచి లేస్తే ఒట్టు. పాత సమాధుల దగ్గర ఐదు నిమిషాలు నిలబడి, ఫోటోలు దిగి, "పద" అన్నాడు.

మధ్యాహ్నానికి ఉమ్ అల్ కువైన్ సముద్రపు ఒడ్డుకు చేరాం. కంచె వెనక మోకాలెత్తు రాతి గోడలు. కాపలా ఉన్న పఠాన్ చాచా చెయ్యి చాపి చూపించాడు. "గిలాస్, మట్కా, బహుత్ నిక్లా ఇధర్. సబ్ రూమ్ కా సామాన్."

సార్‌కు హిందీ రాదు. "ఏమంటున్నాడు?" అన్నాడు.

"ఎన్కట ఈడ లేబర్ రూములుండెనట సార్. గిలాసలు, కుండలు, అన్నీ రూముల సామానట."

సార్ కంచె పట్టుకుని మరీ నవ్వాడు. "రూము కాదయ్యా, రోమ్. రోమ్‌ని వాళ్ళు రూమ్ అంటారు. నీకు రూము తప్ప ఇంకేం తెలుసులే."

తప్పు నాదే. ఎనిమిదిమందిమి ఒకే రూములో ఉంటాం. ఆ మాట వింటే నాకు ఇంకేదీ తట్టదు. నవ్వి ఊరుకుంటే నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఆయన స్నేహితులకు వీడియో కాల్ కలిపి ఫోన్ నా మొహం మీద పెట్టాడు. "మా డ్రైవర్ రోమ్‌ని లేబర్ రూము చేశాడు, వినండి. ఏదీ, మళ్ళీ చెప్పు."

ఫోన్లో నలుగురు నా నోటికేసి చూస్తున్నారు. ముదీర్ మాట గుర్తొచ్చింది. ఒక్క ముక్క చెబితే సరిపోయేది.

"నేను చెప్ప సార్. కారు నడుపుడే నా పని."

"పోనీలెండి" అంది మేడమ్. ఆమె మాట ఎవరు విన్నారు? ఆయన విసురుగా కారెక్కాడు. డ్రైవర్‌కు మర్యాద తెలియదని సాయంత్రానికి కంప్లైంట్ పెట్టాడు. ముదీర్ తాళం కోసం చెయ్యి చాపాడు.

మళ్ళీ గోదాములో ఉన్నాను, కంటెయినర్లు దించుతున్నాను. నా భార్య ఆ ఫోటో మార్చలేదు, నేను చెప్పలేదు కనుక. ఆ గిలాసలు రోమ్ నుంచి ఓడల్లో వచ్చాయని, ఆరోజు నంబర్ ఇచ్చిన చాచాయే తర్వాత ఫోన్లో చెప్పాడు. సార్ నంబర్ నా దగ్గర ఇంకా ఉంది. ఫోన్ చేసి ఒక్క మాట అడగాలని ఉంటుంది.

ఆ ఓడల సామాను దించినోళ్ళు ఏడ పండుకున్నరు సార్? రూములల్లనే కదా.