గూడేనికి మేడం ఇచ్చిన మాట

మా డీఈ మేడం పోయారన్న కబురు నాకు బూర్గంపాడు బస్టాండులో తెలిసింది. పొద్దున్నే టీ తాగుతుంటే మా ఆఫీసు అటెండరు ఫోన్ చేసి, "సార్, మేడం లేరంట" అన్నాడు. ఏ మేడం అని నేను అడగలేదు. ఎందరు అధికారులు వచ్చి వెళ్లినా మా దగ్గర ఉత్త 'మేడం' అంటే ఆమె ఒక్కరే. ఖమ్మం దవాఖానాలో ఉన్నారని తెలుసు, వెళ్లి చూసి కూడా వచ్చాను. అయినా టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, ఎటు నడవాలో తోచక అక్కడే నిలబడిపోయాను.

మాది మంచినీళ్ల శాఖ. ఆమె డిప్యూటీ ఇంజినీరు, నేను ఆమె కింద అసిస్టెంటు ఇంజినీరుని. ఎక్కడికి వెళ్లినా ఆమె మొదట అడిగే ప్రశ్న ఒకటే: "వానొస్తే ఈడ నీళ్లు ఎటు పోతయ్?" సైటు దగ్గరే కాదు, పెళ్లికి పిలిచినా అంతే. ఓసారి ఫంక్షన్ హాలు కప్పు వంక చూసి అదే మాట అడిగితే పెళ్లికొడుకు తండ్రి కంగారుపడిపోయాడు. కొత్తగా కట్టిన కాంక్రీటు గోడ కనబడితే అరచెయ్యి ఆనించి చూసేవారు. చల్లగా తగిలితే ముందుకు నడిచేవారు. పొడిగా ఉంటే, తడి చాలక గోడ గట్టిపడదని మేస్త్రీని పిలిచి, "దీనికి దూపైతుంది, నీళ్లు పట్టుండ్రి" అనేవారు. కోప్పడగా నేనెన్నడూ వినలేదు. ఆ చెయ్యి గోడ మీంచి తీయకుండా అక్కడే నిలబడేవారు, అంతే. నీళ్లు వచ్చేదాకా కదిలేవారు కాదు.

మా పాత ఫిల్టర్ హౌస్ గోదావరి ఒడ్డున పల్లంలో ఉండేది. నది నీళ్లు తోడి, వడకట్టి, ఊళ్లకు పంపే చోటు అది. వరదొస్తే మోటార్లు మునిగేవి. వరద తీసినంక వాటిని విప్పి, ఆరబెట్టి, మళ్లీ బిగించేవరకు పక్కనే అంత గోదావరిని పెట్టుకుని జనం ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టేవారు. గోడలు కారేవి. ఎవరిని అడిగినా జవాబు దొరికేది కాదు. ఎందుకంటే దాని ప్లాను గీసింది ఒకరు, గోడలు లేపింది ఇంకొకరు, మోటార్లు బిగించింది మరొకరు. గోడ కట్టినవాడు ప్లాను తప్పంటాడు, ప్లాను గీసినవాడు గోడ తప్పంటాడు, మోటార్లవాడు ఇద్దరినీ అంటాడు.

దాన్ని తీసేసి కొత్తది కట్టాలని తేలినప్పుడు మేడం పట్టుబట్టింది ఈ ఒక్క విషయం మీదే. డిజైన్-బిల్డ్ పద్ధతిలో, డిజైను, కట్టుబడి రెండూ ఒకే కంపెనీకి ఇద్దామన్నారు. పెద్ద ఆఫీసు మీటింగులో ఎవరికీ ఇది రుచించలేదు. గీసేదీ వాడే కట్టేదీ వాడే అయితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా అన్నారొక పెద్దాయన.

"తాళాలు మన తాననే ఉంటయ్ సార్," అన్నారు మేడం. "మనకేం కావాల్నో మనం తేటగ చెప్తం. ఎట్ల కట్టాల్నో వాళ్లు గీస్తరు. ముగ్గురు వండిన కూరల ఉప్పెక్కువైతే ఎవర్ని అడగాలె? పని చెడితే పట్టుకోనీకి ఒక్క చెయ్యన్న ఉండాలె గద."

చాలా తిరుగుళ్ల తరువాత ఒప్పుకున్నారు. అప్పటినుంచి అసలు పని మాకు మొదలైంది. ఏం కావాలో తేటగా చెప్పాలంటే ముందు మనకు తెలియాలి అనేవారు మేడం. నన్ను వెంటేసుకుని ఒడ్డు వెంబడి ఊరూరూ తిరిగారు. వరద ఎక్కడిదాకా వచ్చిందని ప్రతి ఇంట్లో అడిగారు. అలా వెతగ్గా వెతగ్గా వరదకు అందని మెరక ఒకటే దొరికింది. అడవి అంచున ఒక కోయగూడెం, దాని పైన సోమమ్మ అనే ముసలామె జొన్న చేను.

ఆ చేను కింద వాగు ఉంది. గూడెంవాళ్లు వాగులో ఇసుక తవ్వి, చెలమలో ఊరిన నీళ్లు తోడుకుని తాగుతారు. ఉన్న బోరింగులో ఎర్రటి తుప్పునీళ్లు. సోమమ్మ మమ్మల్ని ఇంటి ముందు మంచం మీద కూర్చోబెట్టింది. మేడం చెప్పిందంతా విన్నది. సర్కారు ఇచ్చే పరిహారం సంగతి ఒక్కమాట కూడా అడగలేదు. నీళ్లు ఎవరెవరికి పోతాయని అడిగింది. మేడం ఊళ్ల పేర్లు చెప్పారు. "మాకో?" అన్నది సోమమ్మ.

"మొదటి నల్లా మీదే, అవ్వా," అన్నారు మేడం.

ఆ మాట ఊరికే అనలేదు. కంపెనీ ఏమేం కట్టివ్వాలో చెప్పే షరతుల్లో గూడేనికి వేరే పైపులైను ఉండాలని ఆమే స్వయంగా రాయించారు. సోమమ్మ చేను ఇచ్చింది. కంపెనీ వచ్చింది. రోడ్డు ఖర్చు తగ్గుతుందని వాళ్ల డిజైనర్లు మోటార్ల గదిని కొంచెం కిందికి గీస్తే, మేడం వాళ్లను గూడేనికి నడిపించి, వరద మరక ఉన్న కింది వరస ఇళ్ల గోడలు చూపించి, మళ్లీ పైకి గీయించారు. గోడలు లేస్తుంటే ఆమె చెయ్యి ఆనించని గోడ లేదు. పని మీద అంత సంతోషంగా నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు.

పని సగంలో ఉండగా పైనుంచి మార్పు వచ్చింది. గూడెం లైను, చేనుకూ గూడేనికీ నడుమ ఉన్న అడవి ముక్కలోంచి పోవాలి, దానికి అటవీ అనుమతి కావాలి, అది వచ్చేదాకా ఆగితే మొత్తం పని ఆలస్యం. అందుకని ఆ లైను 'రెండో దశ'లో చూద్దామన్నారు. కంపెనీ వెంటనే సరేనంది. పని తగ్గుతుంటే ఎవరు కాదంటారు? ఒక్క చెయ్యి ఉంటే పట్టుకోవడం సులువని మేడం నమ్మారు. ఆ ఒక్క చేతిని ఇంకెవరైనా పట్టుకోవచ్చని, పైవాళ్లూ కంపెనీ ఇద్దరూ సరేననుకుంటే ఒక గూడెం గూడెమే జారిపోతుందని అప్పుడు తెలిసింది మాకు.

మేడం ఆ మార్పు మీద సంతకం పెట్టనన్నారు. ఆమెను బదిలీ చేశారు. ఆ సంతకం ఆమె కుర్చీలోకి వచ్చినాయన పెట్టారు. ఆ కొత్త చోటునుంచే ఆమె రిటైరయ్యారు.

కొత్త ఫిల్టర్ హౌస్ బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత వచ్చిన పెద్ద వరదలో ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. ఊళ్లకు నీళ్లు ఆగలేదు. అదే వానాకాలం గూడెంలో పచ్చకామెర్లు వచ్చాయి. నీళ్లవల్లేనని డాక్టర్లు చెప్పారు. సోమమ్మ కోడలు అప్పుడు నిండు చూలాలు. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు గానీ తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

కబురు తెలిసి మేడం బస్సులో వచ్చారు. నా బండి మీద గూడేనికి తీసుకెళ్లాను. సోమమ్మ ఇంటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పైన మోటార్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మేడం వెళ్లి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు.

సోమమ్మ అన్నది: "నీ మొకం జూసి చేను ఇచ్చిన బిడ్డా. సర్కారును జూసి ఇయ్యలే. ఎవలి మీద కోపం జెయ్యాల్నో నాకు తెలుస్తలేదు."

"నా మీదనే చెయ్యి అవ్వా," అన్నారు మేడం.

సోమమ్మ ఆమె వంక చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే మేడం కొంచెం తేలికపడేవారేమో.

ఆ తర్వాత ఆమె తిరగని ఆఫీసు లేదు. ఒకప్పుడు ఆమెను చూసి లేచి నిలబడ్డవాళ్లే ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, అందరూ రెండో దశ అన్నారు. ఇంతలో కాలేయం జబ్బు బయటపడింది. మందులకు ఖమ్మం వచ్చినప్పుడు కూడా దారిలో దిగి ఏదో ఒక ఆఫీసుకు వెళ్లేవారని ఆమె తమ్ముడు చెప్పాడు.

చివరిసారి దవాఖానాలో చూసినప్పుడు గొంతు సన్నగిల్లిపోయింది. లైను సంగతి అడిగారు. ఇంకా రాలేదన్నాను. మోటార్లు మంచిగ నడుస్తున్నయా తమ్మీ అన్నారు. బాగా నడుస్తున్నాయి మేడం, చిన్న రిపేరు కూడా రాలేదని చెప్పాను, సంతోషిస్తారని.

"అదే నన్ను నిద్ర పోనిస్తలేదు," అన్నారు.

నాకు ఉద్యోగం నేర్పింది ఆమె. ఈనాటికీ కొత్త గోడ కనబడితే నా చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆమె దగ్గర పనిచేయడం నా అదృష్టమని చెప్పుకోవడానికి నాకేమీ సంకోచం లేదు. కానీ మంచి పని చేసినవాళ్లకు చివరికి ఏదో ఒక తృప్తి మిగులుతుందంటారు. ఆమెకు మిగలలేదు. మిగిలిందని రాసి మిమ్మల్ని ఊరడించలేను.

అంత్యక్రియలు తిరుమలాయపాలెం దగ్గర ఆమె సొంతూళ్లో జరిగాయి. నేను సోమమ్మ కొడుక్కి ఫోన్ చేసి విషయం చెప్పాను. వస్తారని అనుకోలేదు. తల్లీ కొడుకూ బస్సులు మారి వచ్చారు. చితి దగ్గరికి రాకుండా సోమమ్మ దూరంగా వేపచెట్టు కింద నిలబడింది. ఏడవలేదు.

అంతా అయ్యాక జనం వైకుంఠధామం గేటు దగ్గర ఉన్న నల్లా కింద కాళ్లూ చేతులూ కడుక్కుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివర సోమమ్మ వెళ్లింది. కొడుకు నల్లా తిప్పాడు. ఆమె కాళ్లు కడుక్కోలేదు. ఒక అరచెయ్యి చాచి ధార కింద పెట్టింది. తెల్లటి నీళ్లు ఆమె వేళ్ల సందుల్లోంచి జారి సిమెంటు గచ్చు మీద పడుతున్నాయి. బస్సుకు వేళవుతోంది పోదామని కొడుకు అన్నాడు. ఆమె చెయ్యి తీయలేదు.