దేసాంక ఒప్పుకోని కన్‌స్ట్రక్టర్

దేసాంక పదహారేళ్లు నీష్ పట్నంలో లెక్కల టీచరు. బడి మానేసి మా ఆఫీసులో ప్రోగ్రామరుగా చేరింది. ఇప్పుడామెకు యాభై రెండు. నా కుర్చీ ఆమె పక్కనే కనుక విసుగంతా ముందు నాకే తగులుతుంది.

ఆసుపత్రి నర్సుల కోసం యాప్ చేస్తున్నాం. రోగి పేరు నొక్కితే ఆ మనిషికి ఏ మందు పడదో కనిపించాలి. రోగి కార్డును తయారుచేసే కోడును కన్‌స్ట్రక్టర్ అంటాం. దానికి ఆగడం రాదు. సర్వరును వివరాలు అడుగుతుంది, జవాబు రాకముందే కార్డు చేతిలో పెట్టేస్తుంది. బలవంతాన ఆపితే యాప్ మొత్తం బిగుసుకుపోతుంది. జవాబు వచ్చేదాకా కార్డు మీద ‘పడని మందులు: లేవు’ అని ఉంటుంది.

“లేవు కాదు నాయనా, ఇంకా తెలియదు!” అని దేసాంక మా బాసు రాడోవన్‌తో మూడుసార్లు మొత్తుకుంది. “ముందు వివరాలు తెప్పిద్దాం. వచ్చాకే కార్డు పుట్టిద్దాం. రెండు రోజుల పని!”

రాడోవన్ మాంసం కూరిన బురెక్ రొట్టె నములుతూనే అన్నాడు. “టీచరమ్మా, నా మిషన్‌లో బాగానే వస్తోందిగా. నీ చాదస్తానికి డెమో ఆపమంటావా?”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మెదపలేదు.

గురువారం ఆసుపత్రిలో డెమో. అక్కడ నెట్ నత్తనడక. నర్సు ల్యుబింక ఒక పేరు నొక్కింది.

“పడని మందులు లేవా?” అంది.

“ఏవో, సాద్!” అన్నాడు రాడోవన్. ఇదిగో, ఇప్పుడే అని. మా ఊళ్లో ప్లంబరు ఆ మాటంటే ఇంకా ఇంట్లోంచి కదల్లేదనే లెక్క.

నాలుగు సెకన్ల తర్వాత ‘పెన్సిలిన్’ అని ఎర్రగా వచ్చింది.

“చూశారా, వచ్చేసింది!”

ల్యుబింక నవ్వలేదు. “ఈయన మా నాన్న. నాకు తెలుసు గనక ఆగాను. తెలియనివాళ్లకైతే ఆగుతానా? లేవు అని చూడగానే సూది గుచ్చేస్తాను. ఇది మా వార్డులో వద్దు.”

టాబ్లెట్ బల్ల మీద బోర్లించి వెళ్లిపోయింది.

మెట్లు దిగుతూ రాడోవన్ దేసాంక మీద విరుచుకుపడ్డాడు. “ఇంత ప్రాణాల మీదికొచ్చే సంగతి ముందే చెప్పొద్దూ?”

“మూడుసార్లు చెప్పింది. నేను విన్నాను,” అన్నాను.

దేసాంక నా వైపు తిరిగింది. “విన్నావా? మరి అప్పుడు నీ నోట్లో ఏముంది?”