ఒళ్లు చూడాలా, అడుగు చూడాలా?

మా పక్కింటి అంకుల్ పోయారని మొన్న శనివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అన్నారు. కోటు కూడా వేసుకోకుండా వాళ్లింటికి పరుగెత్తాను.

ఇక్కడ కెనడాలో, మా విండ్సర్ ఊళ్లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాక, ఆయన మా అబ్బాయి చదివే హైస్కూల్లో, రగ్బీలా ఆడే ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుకు జీతం లేని కోచ్ అయ్యారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ల జోలికి పోయేవారు కాదు. ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే లైన్‌మెన్‌ను ఎంచి తయారు చేయడమే ఆయన పని. కాకినాడలో క్రికెట్ తప్ప ఎరగని మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందని అడిగితే, "భారీగా ఉన్నవాడు నెగ్గుతాడా, చురుగ్గా ఉన్నవాడు నెగ్గుతాడా అని డౌటొచ్చిందమ్మా. ఇంకా తీరలేదు" అనేవారు.

తొమ్మిదో తరగతికే మా వాడు గుమ్మం నిండా ఉండేవాడు. జట్టులో చేరతానంటే, వీణ్ని కాక ఎవర్ని తీసుకుంటారులే అనుకున్నాం. అంకుల్ పిల్లల్ని నిలబెట్టి, నాలుగంగల అవతల నుంచి టెన్నిస్ బంతిని జారవిడిచేవారు. అది రెండోసారి నేలను తాకేలోపు అందుకోవాలి. మా వాడు ఒక్కసారీ అందుకోలేకపోయాడు. వాడి భుజం దాకా కూడా రాని ఓ బక్కపిల్లాడు మూడుసార్లూ అందుకున్నాడు. మిగిలిన ఒక్క చోటూ వాడికే దక్కింది.

నాకు ఒళ్లు మండింది. మా రెండిళ్ల మధ్య కంచె దగ్గరే నిలదీశాను. "మీరే మా వాణ్ని కాదంటే ఎలా అంకుల్?"

ఆయన నొచ్చుకోలేదు. "నది దాటి అమెరికా వైపు డెట్రాయిట్ వెళ్తే రెండు వరుసలూ దాదాపు ముక్కూ ముక్కూ ఆనించి నిలబడతాయి. మన కెనడా ఆటలో మధ్యన గజం ఖాళీ ఉంటుంది. ఆ గజంలో ఎవడి అడుగు ముందు పడితే వాడిదే పైచేయి. మీ వాడికి బలం ఉందమ్మా, అడుగే ఆలస్యం. రేపట్నుంచి సాయంత్రాలు మా ఇంటికి పంపు."

నేను పంపనన్నాను. వాడే వెళ్లాడు. వాళ్ల డ్రైవ్‌వేలో వాడు తాడాట ఆడుతుంటే, అంకుల్ మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూర్చుని వాడి మడమలనే చూసేవారు. అప్పటిదాకా వాణ్ని చూసినవాళ్లందరం, నాతో సహా, వాడి ఒళ్లు గురించే మాట్లాడేవాళ్లం. పాదాల గురించి మాట్లాడింది ఆయనొక్కరే.

అక్టోబరు చివర్లో జోరువానలో ఒక మ్యాచ్ జరిగింది. బురదలో ఆ బక్కపిల్లాడి కాళ్లు నిలవలేదు. ఎదుటి జట్టులోని భారీ పిల్లలు వాణ్ని ప్రతిసారీ వెనక్కి నెట్టుకుంటూ పోయారు. మర్నాడు అంకుల్ మా గుమ్మంలోకి వచ్చారు.

"పొరపాటు నాదేనమ్మా. తడి నేల మీద వీళ్లు ఎలా ఉంటారో నేను చూడనే లేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

మా వాడు లోపలి నుంచి, "సో, ఐ యామ్ ఇన్?" అని అరిచాడు.

"ముందు బంతి పట్టు, చూద్దాం" అన్నారు అంకుల్.

మరుసటి ఏడు పట్టాడు. బక్కపిల్లాణ్నీ ఆయన వదల్లేదు. ఇద్దరూ పక్కపక్కనే ఆడారు. ఏది మేలో తేలిందా అని అడిగితే, "ఎక్కడమ్మా, ఇప్పుడు ఇంకో డౌటు" అని నవ్వారు.

అంత్యక్రియల రోజు ఆయన శవపేటికను మోయడానికి ఆయన దగ్గర ఆడిన ఆరుగురు వచ్చారు. అందులో మా వాడూ, వాడి స్నేహితుడైపోయిన ఆ బక్కపిల్లాడూ ఉన్నారు. ఇప్పుడిద్దరూ యూనివర్సిటీలో చదువుతున్నారు. భుజాలకెత్తగానే పేటిక ఒక పక్కకు వాలింది. పొడుగువాళ్లు మోకాళ్లు వంచారు. అది సమంగా నిలిచింది. అలా వంచిన మోకాళ్లతోనే, ఆరుగురూ ఒకేసారి అడుగు వేస్తూ, మంచు మీద మెల్లగా బండి వైపు నడిచారు.