కరపత్రాల రంగు

వెల్దుర్తి బస్సులో పక్క సీటు పెద్దావిడ నా ఒళ్ళోని కరపత్రాల కట్ట మీద తన కొంగు కప్పినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. బడుల్లో ఓపెన్ సోర్స్ నేర్పే చిన్న చిన్న బృందాలన్నీ ఒక్కటి కావాలని మేం వేయించినవవి. ప్రెస్సులో మిగిలిన రంగు కాగితం చవగ్గా ఇస్తే తీసుకున్నాం.

"ఏ పార్టోళ్ళే అమ్మాయ్ మీరు?"

"పార్టీ కాదు పెద్దమ్మా. బడి పిల్లలకు ఉచితంగా కంప్యూటర్ ప్రోగ్రాములు..."

"రాసింది ఎవురు చదువుతారే? రంగే చూస్తారు. మావోడు కూలికెళ్ళి గోడకి ఈ రంగే ఏశాడు. అవతలి పార్టోళ్ళు కాలిరగ్గొట్టారు."

నేను వెళ్ళాల్సిన బడి ఆమె ఊళ్ళోనే. ఆమె దిగింది. నేను దిగలేదు.

మర్నాడు పొద్దున మా పిల్లలకు జడలు వేస్తూ, అమ్మ ఏం పని చేస్తుందని ఎవరడిగినా ఇంట్లోనే ఉంటుందని చెప్పమన్నాను.