ఐదో అంతస్తులో మడ అడవి

ఈ రోజు అదృష్టవశాత్తూ బంద్ లేదు కాబట్టి సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లోని మా ఆఫీసుకి వెళ్లాను. నా బల్ల మీద ప్లాస్టిక్ కప్పులో బురద, ఆ బురదలో ఓ పచ్చటి మొక్క! శని, ఆదివారాల్లో మావాళ్లు సుందర్బన్స్‌కి ఎకో టూర్ వెళ్లొచ్చారు. ప్రకృతి మీద ప్రేమ పొంగిపోయి, రాలేకపోయిన మాకు కూడా తలా ఒక మడ మొక్క పీక్కొచ్చారు. "ఇంట్లో పెంచు, అడవిని కాపాడినట్టుంటుంది" అని మా మేనేజర్ మిత్రా దా (బెంగాలీలో దా అంటే అన్న) దీవించారు.

సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చి మా ఐదో అంతస్తు బాల్కనీలో పెట్టాను. గార్డెన్ రీచ్ ఓడల డాకుల్లో పనిచేసి రిటైరైన మా మావయ్యగారు వంగి చూశారు.

"ఏటమ్మా ఇది? మడ మొక్కలాగుందే! ఎవులు పీకీసినారు?"

"మా ఆఫీసువాళ్లు, మావయ్యా. అడవిని కాపాడ్డానికని వెళ్లారు."

"ఎంతమంది ఎల్లినారు?"

"నలభై మంది."

"ఇంకో రెండు బస్సులెల్తే అడవి మొత్తం కాపాడీసి ఇంటికి తెచ్చీసీవోరు."

ఈ చెట్లకి రోజుకి రెండుసార్లు పోటు నీళ్లు తగలాలనీ, తుఫాను అలల్ని అడ్డుకునేవి ఇవేననీ కూడా ఆయనే చెప్పారు. అందుకని పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు ఉప్పునీళ్లు పోద్దామనుకుంటున్నాను. మీ ఇళ్లల్లోనూ ఇలా అడవులుంటే ఎన్ని చెంచాల ఉప్పు వేస్తున్నారో చెప్పండి.

ఈసారి తుఫానొస్తే అక్కడ ఏటి గట్టున గుడిసెల్లో ఉన్నవాళ్ల సంగతేమో గానీ, సాల్ట్ లేక్‌లో మా ఐదో అంతస్తుకి మాత్రం ఏ భయమూ లేదు.